ఊపిరి దానము

మానవుడు అన్నము లేక కొన్ని వారములును, నీరు లేక కొన్ని దినములును బ్రతుకగలడు. ఊపిరి లేనిచో కొన్ని నిమిషములైనను బ్రతుకజాలడు. అయినను దినమునకు ఇంచుమించు 20,000 సార్లు మనము పీల్చి విడుచు ఈ ఊపిరిని ఒక్కసారియైనను తలచుకొనము. పరుగెత్తి అలసినప్పుడో, జలుబు చేసి ముక్కు మూసికొనిపోయినప్పుడో మాత్రమే అది మనకు జ్ఞప్తికి వచ్చును. కాని చొక్కా తొడిగికొన్నను, నాలుగు మాటలు పలికినను ఆయాసపడు రోగులు కొందరు కలరు. వారికి ఊపిరి అనుక్షణమును జ్ఞాపకముండును. అట్టివారిలో కొందరికి మరణించిన వేరొకరి ఊపిరితిత్తులను అమర్చి ప్రాణము నిలుపుట నేటి వైద్యమునకు సాధ్యమైనది. ఈ చికిత్సకు ముందును, చికిత్స జరుగునప్పుడును, జరిగిన పిదపను రోగిని ఎట్లు కాపాడుదురో ఈ పాఠమున తెలిసికొందము.

మన రొమ్ముగూటిలో గుండెకు ఇరువైపుల రెండు ఊపిరితిత్తులు కలవు. గొంతునుండి దిగిన శ్వాసనాళము రెండుగా చీలి, ఒక్కొక్క కొమ్మయు మరల మరల చీలుచు, తలక్రిందుగా నాటిన చెట్టువలె వానియందు వ్యాపించును. ఆ చెట్టు రెమ్మల చివర ద్రాక్షగుత్తులను బోలిన గాలితిత్తులుండును. అవి 30 కోట్లకు తక్కువ కావని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. వాని గోడలు మిక్కిలి పలుచనివి. ఆ గోడలగుండ ప్రాణవాయువు నెత్తురులోనికి చేరును. నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు వెలికి వచ్చును. ఆ గోడలు మచ్చలు కట్టి గట్టిపడినను, చిరిగి పెద్ద సంచులైనను ఈ పని కుంటుపడును.

ఊపిరితిత్తులను అట్లు చెఱచు కారణములు పెక్కు కలవు. పొగాకు పొగ వానిలో ముఖ్యమైనది. కట్టెల పొయ్యి ముందు కూర్చుండి ఊదుగొట్టముతో మంట రాజవేయుచు జీవితమంతయు గడపిన అవ్వల దగ్గు మన పల్లెలలో మీరు వినియే యుందురు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం మొదలగు చోట్ల జనపనార మిల్లులు వెలసినవి. నారనుండి లేచు దుమ్మును దీర్ఘకాలము పీల్చుటయు ఊపిరితిత్తులకు మంచిది కాదు. టెక్కలి ప్రాంతపు కొండలలో గ్రానైటు రాతిని తీయుదురు. రాతిని కోయునప్పుడు రేగు దుమ్ములో సిలికా అను పదార్థముండును. దానిని ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను వ్యాధి కలుగవచ్చును. నీరు చల్లుచు రాతిని కోయుటచేతను, తగిన ముసుగు ధరించుటచేతను ఈ వ్యాధిని చాలవరకు నివారింపవచ్చును. వచ్చిన పిదప దానిని పోగొట్టు మందు మాత్రము లేదు. కారణమే తెలియకుండ ఊపిరితిత్తులు గట్టిపడు వ్యాధియు ఒకటి కలదు.

శ్రీకాకుళం జిల్లా వారికి అవయవము చెడుట యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కుంగదీసినదో లోకమంతయు ఎఱుగును. ఆ రోగులకొఱకు 2023వ సంవత్సరమున పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ అను యంత్రచికిత్స కలదు. రోగి వారమునకు రెండు మూడు సార్లు ఆసుపత్రికి పోయి, రక్తమును శుభ్రపఱచుకొని, మరల ఇంటికి వచ్చుచు సంవత్సరముల తరబడి బ్రతుకవచ్చును. ఊపిరితిత్తులకు అట్టి యంత్రము లేదు. ఎక్మో అను యంత్రము నెత్తురునకు ప్రాణవాయువును అందింపగలదు. కాని అది కొన్ని దినములకో వారములకో ఆసరా యగును గాని, ఇంట నుంచుకొని జీవయాత్ర సాగించుటకు తగినది కాదు. కావున ఊపిరితిత్తులు పూర్తిగ చెడి, మందులకు లొంగని దశలో, తగిన రోగులకు మార్పిడి యొక్కటియే దారి.

ఈ దారి సులభముగ ఏర్పడలేదు. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యశాలలో జేమ్స్ హార్డీ అను శస్త్రవైద్యుడు మొట్టమొదటిసారి ఒక మనుష్యునికి వేరొకని ఊపిరితిత్తిని అమర్చెను. ఆ రోగి 18 దినములు మాత్రమే జీవించెను. 1968లో బెల్జియము దేశపు ఘెంట్ నగరమున ఫ్రిట్జ్ డెరోమ్ అను వైద్యుడు 23 ఏండ్ల యువకునికి ఈ చికిత్స చేసెను. ఆ యువకుని వ్యాధియు సిలికోసిసే. అతడు 10 నెలలు బ్రతికెను. నాటికి అదియే గొప్ప విజయము. తక్కిన రోగులలో పెక్కుమంది కొలది దినములకో వారములకో మరణించిరి.

అందులకు రెండు కారణములు కనబడినవి. మన శరీరము తనది కాని దానిని శత్రువుగ భావించి దాడి చేయును. సూక్ష్మజీవుల విషయమున ఈ గుణము మనకు రక్ష. పరుల అవయవము విషయమున ఇదియే శిక్ష. ఆ దాడిని అణచుటకు స్టెరాయిడు మందులను ఎక్కువగ ఇచ్చినచో, శ్వాసనాళమునకు వేసిన కుట్టు మానక విచ్చిపోవుచుండెను. ఇట్లు ఒకదానిని మాన్పబోగా వేరొకటి చెడుచుండెను. నార్వే దేశపు పీఠభూమి మట్టిలో దొరకిన ఒక బూజునుండి సైక్లోస్పోరిన్ అను మందు తయారైన పిమ్మట ఈ చిక్కు కొంత వీడినది. కెనడాలోని టొరాంటో నగరమున జోయెల్ కూపర్ అను వైద్యుడు ఈ మందును వాడి, స్టెరాయిడును తగ్గించి, కడుపులోని కొవ్వుపొరను పైకి తెచ్చి శ్వాసనాళపు కుట్టు చుట్టును కప్పెను. 1983లో ఆయన చికిత్స చేసిన 58 ఏండ్ల రోగి ఆరు సంవత్సరములకు పైగా జీవించెను. 20 ఏండ్ల వైఫల్యముల పిదప లభించిన ఫలమది.

మన తెలుగునాటను ఈ చికిత్స జరుగుచున్నది. 2020వ సంవత్సరమున, కోవిడ్ వ్యాధి ప్రబలియున్న దినములలో, సికింద్రాబాదులోని కిమ్స్ ఆసుపత్రిలో సందీప్ అత్తావర్ నాయకత్వమున వైద్యబృందము కోవిడ్ సోకిన ఒక రోగికి రెండు ఊపిరితిత్తులను మార్చినది. ఆ ఊపిరితిత్తులు కలకత్తానుండి విమానమున వచ్చినవి.

ఇక ఈ చికిత్స నడచు క్రమము సుబోధమగుటకై ఒక రోగిని ఊహించుకొందము. అతడు టెక్కలి వైపు పల్లెకు చెందిన రాతిపనివాడు. వయస్సు 45. ఇంట భార్యయు, మీ యీడు కుమార్తెయు కలరు. సిలికోసిస్ ముదిరి, రాత్రింబవళ్లు ఆక్సిజను గొట్టము ముక్కున నుంచుకొని అతడు కాలము గడపుచున్నాడు. వైద్యులు అతనిని హైదరాబాదులోని ఒక ఆసుపత్రికి పంపిరి.

అక్కడ వెంటనే కోతకు పూనుకొనరు. మొదట అతని గుండె, కాలేయము, మూత్రపిండములు ఈ భారమును మోయగలవా అని పరీక్షింతురు. క్షయ మొదలగు అంటువ్యాధులు దాగియున్నవేమో చూతురు. చిగుళ్లు, పండ్లు చెడియున్న వానికిని చికిత్స చేయుదురు. ఏలయన, శరీరపు రక్షణశక్తిని అణచిన పిదప పంటిలోని చిన్న చీముకూడ ప్రాణాపాయమగును. ఇవ్వవలసిన టీకాలను ముందే ఇత్తురు. పొగాకును పూర్తిగ మానివేసి కొన్ని నెలలు గడచినగాని రోగిని పట్టికలో చేర్చరు. ఆరు నిమిషములలో ఎంత దూరము నడువగలడో కొలిచి, ఆక్సిజను పెట్టుకొనియే నిత్యము నడచుట, కాళ్లకు చేతులకు వ్యాయామము, బలకరమైన ఆహారము నిర్ణయింతురు. రోగి అస్థిపంజరమై పడియున్నచో శస్త్రచికిత్స నెగ్గినను అతడు లేచి నిలువలేడు. ఇంట ఎవరు తోడుందురు, మందులు వేళకు ఎవరు అందింతురు అనియు విచారింతురు. చికిత్సకును మందులకును అగు వ్యయము లక్షల మీద నుండును గనుక, దానికి మార్గమును ముందుగనే వెదకుకొనవలయును.

పిదప ఆసుపత్రివారు అతని పేరును జీవన్‌దాన్ పట్టికలో నమోదు చేయింతురు. ఇది అవయవముల పంపకమును నియమానుసారముగ నడపుటకు ప్రభుత్వము ఏర్పఱచిన పథకము. ఇక నిరీక్షణము. ఊపిరితిత్తులు దొరకినవన్న పిలుపు ఏ వేళనైన రావచ్చును. పిలుపు వచ్చిన కొలది గంటలలో ఆసుపత్రి చేరవలయును. కావున టెక్కలినుండి వచ్చిన ఆ కుటుంబము ఆసుపత్రికి సమీపమున అద్దె యింట ఉండక తప్పదు. ఒకనాటి రాత్రి పిలుపు వచ్చినది. అందరును పరుగున పోయిరి. తెల్లవారుజామున వైద్యుడు వచ్చి, దాత ఊపిరితిత్తులలో న్యుమోనియా కనబడినదనియు, అవి పనికిరావనియు చెప్పెను. వారు మరల ఇల్లు చేరిరి. ఇట్టి నిరాశ ఈ రోగులకు క్రొత్త కాదు. తాను బ్రతుకుటకు వేరొకరి మరణము కావలసివచ్చెనే యని రోగి లోలోపల క్రుంగుటయు కలదు. అతడు కోరినను కోరకున్నను ఆ మరణము జరుగునదియే. దానినుండి ఒక మేలు పుట్టుచున్నదని వైద్యులు అతనికి నచ్చజెప్పుదురు.

దాత ఎవరు? రోడ్డు ప్రమాదమున తలకు దెబ్బ తగిలియో, మెదడులో నరము చిట్లియో మెదడు పూర్తిగ నశించినవాడు. వెంటిలేటరు బలమున అతని రొమ్ము ఎగసిపడుచుండును, గుండె కొట్టుకొనుచుండును; కాని అతడు మరల మేల్కొనడు. దీనిని బ్రెయిన్ డెత్ అందురు. 1994వ సంవత్సరపు చట్టము ప్రకారము నలుగురు వైద్యుల మండలి ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి దీనిని ధ్రువపఱుపవలయును. మార్పిడి చేయు వైద్యులకు ఆ మండలిలో చోటు లేదు. అటుపిమ్మట కుటుంబము సమ్మతించినగాని ఏ అవయవమును ముట్టరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు, కన్నీరు ఆరకమునుపే, ఆ మాట చెప్పవలసియుండును. అట్టి ధైర్యము మన జిల్లాలయందును కనబడినది. 2023లో శ్రీకాకుళమునందు అట్లు లభించిన గుండెను పోలీసులు రహదారిపై వాహనములను ఆపి, హరితమార్గమున 100 కిలోమీటర్లకు పైగా గల విశాఖపట్టణము విమానాశ్రయమునకు చేర్చిరి. అక్కడినుండి అది విమానమున తిరుపతికి పోయినది.

అవయవములలో ఊపిరితిత్తులు మిక్కిలి సుకుమారమైనవి. ప్రమాదమందలి గాయముచేతను, నోటి ద్రవములు లోనికి జారుటచేతను అవి త్వరగ చెడును. కావున మూత్రపిండములు పనికివచ్చిన దాతలందరి ఊపిరితిత్తులును పనికిరావు. రక్తపు వర్గము కలియవలయును. పరిమాణమును సరిపోవలయును; పొడగరి ఊపిరితిత్తులు పొట్టివాని రొమ్ములో ఇముడవు. వానిని చల్లని ద్రావకముతో కడిగి, కొంత గాలి నింపి, మంచుపెట్టెలో నుంచి తెత్తురు. సాధారణముగ ఆరు గంటల లోపల వానికి మరల నెత్తురు అందవలయును.

మన రాతిపనివానికి రెండవ పిలుపు ఫలించినది. శస్త్రచికిత్స కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు 10 గంటలకు మించియు సాగును. వైద్యులు ఒక ఊపిరితిత్తిని తీసి క్రొత్తదానిని కుట్టి, అది పనిచేయుట మొదలిడిన పిదప రెండవదానిని మార్తురు. ఒక్కొక్క వైపున మూడు అతుకులు వేయవలయును. శ్వాసనాళము ఒకటి, గుండెనుండి నెత్తురును తెచ్చు ధమని రెండవది, గుండెకు నెత్తురును చేర్చు సిరలు మూడవది. అవసరమైనచో ఎక్మో యంత్రము నడుమ ఆసరా యిచ్చును. తెల్లబారి ముడుచుకొనియున్న క్రొత్త ఊపిరితిత్తి నెత్తురు అందగనే గులాబివన్నె దాల్చి ఉబ్బును.

కాని నరములను అతుకుట సాధ్యము కాదు. ఇందులోని ఇబ్బందిని గమనింపుడు. మన గొంతులోనో, నాళములోనో కఫము చేరినచో మనకు తెలియకయే దగ్గు వచ్చును. మార్చిన ఊపిరితిత్తికి ఆ తెలివి లేదు. అతుకునకు దిగువ కఫము నిండుచున్నను రోగికి దగ్గు రాదు. అందుచేత అతడు గడియారము చూచికొని, కావలెనని గట్టిగ దగ్గవలయును. కోసిన రొమ్ముతో దగ్గుట ఎంత బాధయో ఊహింపుడు! నొప్పి తగ్గించు మందు ఇచ్చి, రొమ్మునకు దిండు అదుముకొనజేసి, వైద్యసహాయకులు అతనిచే దగ్గింతురు. మొదటి మూడు దినములు క్రొత్త ఊపిరితిత్తులలో నీరు చేరు భయము ఎక్కువ గనుక, అతనికి పోయు ద్రవమును చుక్కచుక్కగ లెక్కింతురు. వీలైనంత త్వరగ వెంటిలేటరు తీసి, మంచము దింపి, నాలుగడుగులు వేయింతురు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఈ భారము కుటుంబము మీద పడును. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ అను మందులు శరీరపు దాడిని అణచునవి. వీనిని బ్రతికినన్నాళ్లు వాడవలయును. టాక్రోలిమస్‌ను 12 గంటలకు ఒకసారి, వేళ తప్పక మింగవలయును. అది నెత్తురులో తక్కువైనచో శరీరము ఊపిరితిత్తులను తిరస్కరించును. ఎక్కువైనచో మూత్రపిండములు చెడును. అందుకే తరచుగ రక్తపరీక్ష చేసి మోతాదు నిర్ణయింతురు. పరీక్ష నాటి ఉదయము నెత్తురు తీసిన పిదపనే మాత్ర వేసికొనవలయును. మన పెరటిలోని పంపరపనస పండుకూడ ఈ మందును నెత్తురులో పెంచివేయగలదు గనుక దానిని తినరాదు. వైద్యుని అడుగక అంగడిలో నొప్పిమాత్రలు కొనుటయు, నాటుమందులు మింగుటయు ప్రమాదకరము.

రక్షణశక్తి అణగియున్న శరీరమునకు సూక్ష్మజీవులు సులభముగ సోకును. కావున కాచి చల్లార్చిన నీరే త్రాగవలయును. వేడివేడిగ వండినదే తినవలయును. జనసమ్మర్దములోనికి పోయినప్పుడు ముసుగు ధరింపవలయును. కళ్లమున ధాన్యము తూర్పారబట్టుచోటికి, పశువులశాలకు, పెంటకుప్పకు, తడిసి బూజుపట్టిన గడ్డివాము దగ్గఱకు పోరాదు. మట్టిలోని ఒక బూజు ఈ చికిత్సకు మందునిచ్చినది. మట్టిలోని మఱియొక బూజు ఈ రోగుల ఊపిరితిత్తులలో మొలచి ప్రాణము తీయగలదు. రాతిపనికి మరల పోవుట ఎట్లును పొసగదు.

ఇవి యన్నియు పాటించినను తిరస్కారము చడిచప్పుడు లేక రావచ్చును. దానిని పసిగట్టుటకు స్పైరోమీటరు అను చిన్న పరికరమును రోగికి ఇత్తురు. ప్రతి ఉదయము దానిలోనికి బలముకొలది ఊదినచో, ఎంత గాలి వెడలినదో అంకెలలో తెలియును. మన రాతిపనివాని ఇంట ఈ అంకెను వ్రాయుపని కుమార్తెది. ప్రతి దినము పాఠశాలకు పోవుటకు ముందు, "నాన్నా, ఊదవలసిన వేళయైనది" అని పరికరము అందించి, నోటుపుస్తకమున తేదీవేసి వ్రాసికొనును. ఒకనాడు అంకె కొంచెము తగ్గినది. మఱునాడు ఇంకను తగ్గినది. "నాకేమియు బాధ లేదమ్మా; నిన్న సరిగా నిద్రపట్టలేదు, అంతియే" అని తండ్రి తేలికగ అనెను. బాలిక ఊరకుండలేదు. పాత పుటలు తిరుగవేసి, నెల దినముల అంకెలతో పోల్చి, పదింట ఒక వంతు తగ్గినదని లెక్కకట్టి తల్లికి చూపెను. తల్లి వెంటనే ఆసుపత్రికి ఫోను చేసెను. పరీక్షలో అది తిరస్కారపు తొలిదశయని తేలినది. మూడు దినములు స్టెరాయిడు సూదిమందు ఇచ్చిరి. కొన్ని వారములలో అంకె మరల పైకి వచ్చినది. పది దినములు ఉపేక్షించినచో ఏమయ్యెడిదో చెప్పజాలము.

ఈ చికిత్స వ్యాధిని తుడిచివేయు మంత్రము కాదని మనము గ్రహింపవలయును. ప్రపంచపు లెక్కలు చూడగా, ఊపిరితిత్తులు మార్పించుకొన్నవారిలో పదిమందికి ఇంచుమించు తొమ్మిదిమంది మొదటి సంవత్సరమును దాటుచున్నారు. సుమారు సగముమంది ఆరేండ్లకు పైగా జీవించుచున్నారు. మూత్రపిండముల మార్పిడితో పోల్చిన ఇది తక్కువయే. ప్రతి శ్వాసతోను వెలుపలి గాలియు, అందలి దుమ్మును, సూక్ష్మజీవులును ఊపిరితిత్తులను తాకుచుండుటయే దీనికి ఒక ముఖ్యకారణము. అయినను, నాలుగడుగులు నడువలేనివాడు ఆ కాలమున కుమార్తెతో మాటలాడుచు పాఠశాలవరకు నడచి రాగలడు. ఆ నడకకు వెల కట్టజాలము.

దాత పేరును సాధారణముగ రోగికి చెప్పరు. తనకు ఊపిరి నిచ్చినవారు ఏ ఊరివారో, ఎవరి బిడ్డయో మన రాతిపనివాడు ఎఱుగడు. కృతజ్ఞత తెలుపుటకు ఒక చిరునామాయైనను లేదు. వేళకు మాత్ర మింగుట, కావలెనని దగ్గుట, ఉదయమున పరికరములో ఊదుట, ఆ చిన్న నోటుపుస్తకమును ఖాళీ పుట లేకుండ నింపుట - అతడు తీర్పగల ఋణము ఇదియే. దానిని అతడు దినదినమును తీర్చుచున్నాడు.

ప్రశ్నలు

1. మూత్రపిండములు చెడిన రోగికిని, ఊపిరితిత్తులు చెడిన రోగికిని గల భేదమేమి?
2. 1963 మొదలు 1983 వఱకు ఈ చికిత్స ఫలింపకుండుటకు కారణములెవ్వి? అవి ఎట్లు తొలగినవి?
3. మార్చిన ఊపిరితిత్తులు గల రోగి కావలెనని దగ్గవలసిన అవసరమేమి?
4. బాలిక నోటుపుస్తకము తండ్రి ప్రాణమును ఎట్లు కాపాడెను?
5. మీ ఊరిలో ఊపిరితిత్తులకు హాని కలిగించు పనులెవ్వి? వానిని నివారించు ఉపాయములను వ్రాయుడు.